ఎడమ ఇండికేటర్ వేస్తే నాలుగూ కొట్టుకుంటున్నాయి – ట్రాక్టరుకి పార్కింగ్ లైట్ల వైరింగు

ఉంగుటూరు_రైతు:

నమస్కారమండి. మాది ఉంగుటూరు దగ్గర పల్లెటూరు. 45 హెచ్‌పీ పాత ట్రాక్టరు, దానికో తొట్టి. దాళ్వా ధాన్యం తాడేపల్లిగూడెం మిల్లుకి తోలాలి. పగలు మిల్లు దగ్గర లైను ఎక్కువని రాత్రిళ్ళే బయల్దేరుతున్నాం, 16వ నంబరు హైవే ఎక్కక తప్పదు. బండికి ఇండికేటర్లు ఉన్నాయి గానీ నాలుగూ ఒకేసారి కొట్టుకునే పార్కింగ్ స్విచ్చి మొదట్నుంచీ లేదు.

మా ఊళ్ళో బండ్లు చూసే కుర్రాడి చేత పెట్టించాను. మామూలు ఆన్-ఆఫ్ స్విచ్చి, లైట్లని ఆపి ఆపి వెలిగించే కొత్త ఫ్లాషరు ఒకటి, బ్యాటరీ నుంచి ఏడున్నర ఆంప్స్ ఫ్యూజుతో లైను. స్విచ్చి వేస్తే నాలుగూ బాగానే కొట్టుకుంటున్నాయి. కాకపోతే ఇప్పుడు రెండు తలనొప్పులు.

మొదటిది, పార్కింగ్ స్విచ్చి ఆఫ్‌లో ఉన్నా ఎడమ ఇండికేటర్ వేస్తే కుడివైపువి కూడా కొట్టుకుంటున్నాయి. కుడికి వేసినా అంతే. రెండోది, తొట్టి ప్లగ్గు పెట్టి పార్కింగ్ వేస్తే కాసేపటికి ఫ్యూజు పోతోంది. తొట్టి తీసేస్తే పోదు.

ఇంకో మాట. టాపు మీద తిరిగే లైటు ఒకటి పెట్టిద్దామనుకుంటున్నాను. ఎలాంటిది తీసుకోవాలి, దానికి రిలే (చిన్న కరెంటుతో పెద్ద కరెంటుని ఆన్ చేసే స్విచ్చి) కావాలా? తెలిసినవాళ్ళు చెప్పండి.

జమ్మికుంట_పత్తి:

అన్నా, కరెంటును ఒక్క దిక్కే పోనిచ్చే డయోడ్లు రెండు ఏస్తే ఇండికేటర్ల లొల్లి పోతది. మేము పత్తి లోడుకు పోయినప్పుడు రోడ్డెక్కంగనే పార్కింగ్ లైట్లు ఏసుడే, దిగేదాంక బంజెయ్యం. ఇగ టాపు మీదికి ఎరుపు-నీలం తీస్కో, పోలీసు బండ్లకు ఉంటది సూడు, అసొంటిది. మస్తు దూరం కనిపిస్తది. దుకాణంల అందరికీ ఇస్తున్నరు.

తణుకు_వైరింగ్:

ముందు ఆ ఎరుపు-నీలం సంగతి తేల్చేద్దాం. దుకాణంలో ఇస్తున్నారని బండి మీద పెట్టేసుకోకూడదండి. 2017 మే 1 నుంచి మంత్రుల కార్ల మీదే ఎర్రబుగ్గ తీసేశారు. ఆ రంగుల లైట్లు పోలీసు, ఫైరింజను, అంబులెన్సు లాంటి అత్యవసర బండ్లకి. ధాన్యం తొట్టికి పెడితే చలానా మాట అటుంచండి, వెనకాల వచ్చేవాడు అంబులెన్సేమో అనుకుని పక్కకి తప్పుకుంటాడు, ఆ తర్వాత నిజం అంబులెన్సుకి తప్పుకోడు. మీకు నారింజ రంగే. రోడ్డు పని చేసే బండ్ల మీద, జేసీబీల మీద చూస్తుంటారు కదా, అదే.

ఇక ఉంగుటూరు గారూ, మీ బండి చూడకుండానే చెప్తున్నాను, ఆ కుర్రాడు ఎడమ ఇండికేటర్ వైరునీ కుడి ఇండికేటర్ వైరునీ ఒకచోట మెలేసి, ఆ ముడికి స్విచ్చి నుంచి ఒక్క వైరు ఇచ్చాడు. స్విచ్చి ఆఫ్ చేస్తే బ్యాటరీ నుంచి వచ్చేది ఆగుతుంది గానీ ముడి అలాగే ఉంటుందిగా. ఎడమకి వచ్చిన కరెంటు ఆ ముడి దగ్గర కుడికి పోతుంది. రెండే కాళ్ళున్న మామూలు ఆన్-ఆఫ్ స్విచ్చి ఒక్కదానితో ఈ పని అవ్వదు.

అది ముడేనా కాదా అని మల్టీమీటరు పెట్టి చూస్తే ఒక చిక్కుంది. ముడి విప్పేశాక కూడా ఎడమ వైరుకీ కుడి వైరుకీ మధ్య మీటరు కుయ్యిమనే అంటుంది. చల్లగా ఉన్న 21 వాట్ల బల్బుకి ఒక ఓమ్ కూడా ఉండదు, కాబట్టి ఎడమ బల్బులోంచి బాడీకి, బాడీలోంచి కుడి బల్బుకి దారి దొరుకుతుంది. బల్బులన్నీ పీకేసి, తొట్టి ప్లగ్గు కూడా తీసి అప్పుడు చూడండి. ఈ ఒక్కటి తెలియక వైరింగంతా విప్పి పెట్టుకుని మా షాపుకి వచ్చేవాళ్ళు ఉన్నారు.

డయోడ్లతో అవుతుంది, అవదనను. కానీ ఒక్కో దానిలో 0.7 వోల్టు దాకా పోతుంది, అది వేడెక్కుతుంది, ట్రాక్టరు ఊపుడుకి టాకాలు ఊడతాయి. నేనైతే రెడీమేడ్ పార్కింగ్ స్విచ్చి కొనమంటాను. ట్రాక్టర్లకీ ఆటోలకీ దొరుకుతుంది. దాన్ని నొక్కితే మూడు పనులు చేస్తుంది. తాళం నుంచి ఫ్లాషరుకి వచ్చే కరెంటు కట్ చేస్తుంది, బ్యాటరీ కరెంటు నేరుగా ఇస్తుంది, ఫ్లాషరు అవుట్‌ని ఎడమకీ కుడికీ కలుపుతుంది. ఆఫ్ చేస్తే అన్నీ విడిపోతాయి. అప్పుడు మీ కొత్త ఫ్లాషరు, పాత ఫ్లాషరు రెండూ అక్కర్లేదు, ఒకటి చాలు. ఇప్పుడున్నట్టు రెండు ఫ్లాషర్లు ఉంటే ఇండికేటర్ మీట ఒక పక్కకి ఉండగా పార్కింగ్ వేస్తే రెండూ పోట్లాడుకుని లైట్లు పిచ్చిపిచ్చిగా కొట్టుకుంటాయి. స్విచ్చి కాళ్ళు మాత్రం వైరు రంగు చూసి నమ్మకండి, టెస్ట్ లాంపుతో ఒక్కోటీ తేల్చుకోండి.

ఫ్యూజు లెక్క తేలికే. బల్బు 21 వాట్లు. ట్రాక్టరుకి నాలుగు, అంటే 84 వాట్లు, 12తో భాగిస్తే 7 ఆంప్స్. కొట్టుకునే లైటు కాబట్టి సగం సేపు ఆగి ఉంటుంది, ఏడున్నర ఫ్యూజు ఎలాగో తట్టుకుంది. తొట్టి రెండూ కలిస్తే 126 వాట్లు, పదిన్నర ఆంప్స్. పైగా బల్బు వెలిగిన ప్రతిసారీ ముందు ఒక్క క్షణం అంతకన్నా చాలా ఎక్కువ లాగుతుంది. 15 ఆంప్స్ ఫ్యూజు పెట్టండి. అయితే ఫ్యూజు పెంచేముందు వైరు చూడండి. సన్న వైరు మీద లావు ఫ్యూజు పెడితే ఫ్యూజు బతికి వైరు కాలుతుంది. బ్యాటరీ నుంచి స్విచ్చి, ఫ్లాషరు దాకా రెండున్నర చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు, అక్కణ్ణుంచి లైట్లకి ఒకటిన్నర. ఫ్యూజు బ్యాటరీకి జానెడు దూరంలో ఉండాలి, డాష్‌బోర్డు కింద కాదు. ఫ్లాషరు మీద కూడా ఎన్ని 21 వాట్ల బల్బులకో రాసి ఉంటుంది, ఆరింటిది అడిగి తీసుకోండి.

తిరిగే లైటు చివర్లో పెట్టించుకోండి. ఎందుకంటే గడ్డి వేసుకుని వెళ్ళినప్పుడు టాపు మీద లైటు వెనకవాడికి కనపడదు, లోడు అడ్డం. మిమ్మల్ని గుద్దేది వెనకాల నుంచి వచ్చేవాడు, వాడికి కనపడేది తొట్టి తోక ఒక్కటే. 80లో వచ్చే కారు సెకనుకి 22 మీటర్లు పోతుంది. డిమ్ లైటులో మట్టికొట్టుకున్న తొట్టి 40, 50 మీటర్లకి గానీ కనపడదు, వాడు చూసి బ్రేకు మీద కాలు పెట్టేసరికే ఆ దూరం అయిపోతుంది. అందుకని డబ్బులు ముందు తొట్టి వెనక లైట్లకి, రేడియం టేపుకి పెట్టండి. వెనక ఎరుపు, పక్కల పసుపు, ముందు తెలుపు. ఏఐఎస్ 090 (బండ్ల టేపుకి మన దేశంలో ఉన్న ప్రమాణం) అని అచ్చు ఉన్న టేపు అడగండి. మెరిసే స్టిక్కరు ముక్కలు రెండు వానలకి ఊడిపోతాయి.

అప్పటికీ మనసు ఆగకపోతే ఎల్‌ఈడీ తిరిగే లైటు తీసుకోండి. పాత రకం 55 వాట్ల హాలోజన్ మోటారుది నాలుగున్నర ఆంప్స్ పైన లాగుతుంది, దానికి రిలే కావాలి. ఎల్‌ఈడీది 10, 20 వాట్లే, రిలే అక్కర్లేదు, విడిగా 3 ఆంప్స్ ఫ్యూజు చాలు. టాపుకి బెజ్జం వేస్తే రబ్బరు గ్రోమెట్టు తప్పనిసరి. రేకు అంచు వైరుని కోసేస్తుంది.

ఉంగుటూరు_రైతు:

చాలా థాంక్సండి. ముడి విప్పి చూశాం, మీరన్నట్టే ఉంది. బల్బులు తీయకుండా మీటరు పెట్టాడు మావాడు, కుయ్యిమంది, ఇద్దరం నవ్వుకున్నాం. స్విచ్చి గూడెంలో దొరికింది, బిగిస్తున్నాం.

తొట్టికి ఇంకో రోగం ఉంది. బ్రేకు తొక్కితే బ్రేకు లైటు మందంగా వెలుగుతోంది, దాంతోపాటు ఇండికేటర్లు కూడా మిణుకుమిణుకుమంటున్నాయి. ఇది కూడా ఆ ముడి వల్లేనా?

తణుకు_వైరింగ్:

కాదండి, అది ఎర్త్, అంటే కరెంటు తిరిగి బ్యాటరీకి వచ్చే దారి. మీ తొట్టికి విడిగా ఎర్త్ వైరు లేదు, కొక్కెం పిన్ను మీదే ఆధారపడి ఉంది. అక్కడ గ్రీజు, తుప్పు, దుమ్ము. బ్రేకు లైటులోకి వెళ్ళిన కరెంటుకి తిరిగి వచ్చే దారి లేక ఇండికేటర్ బల్బుల్లోంచి దూరి ట్రాక్టరు వైపు బాడీ వెతుక్కుంటోంది. అందుకే అన్నీ కొంచెం కొంచెం వెలుగుతాయి.

ఏడు కాళ్ళ సాకెట్టు ఉంటే మూడో నంబరు కాలు ఎర్త్. ఒకటి ఎడమ ఇండికేటర్, నాలుగు కుడి ఇండికేటర్, ఆరు బ్రేకు, ఐదు కుడి టెయిలు, ఏడు ఎడమ టెయిలు. అందరూ ఇదే వరస పాటించరు, మీ తొట్టిని ఇంకో ట్రాక్టరుకి కట్టినప్పుడు తెలుస్తుంది ఆ సంబరం. మూడో కాలు నుంచి రెండున్నర వైరు ట్రాక్టరు వైపు బ్యాటరీ నెగెటివు దాకా, తొట్టి వైపు వెనక లైట్ల హోల్డర్ల దాకా లాగండి. రంగు గీకి, లగ్గు నొక్కి బోల్టు బిగించి, పైన కొంచెం గ్రీజు రాయండి.

సన్న వైరు వాడితే ఏమవుతుందో కూడా చెప్తాను. ముందు నుంచి తొట్టి తోక దాకా 8 మీటర్లు అనుకోండి. అర చదరపు మిల్లీమీటరు వైరైతే రెండు ఇండికేటర్లు కలిసి వెలిగినప్పుడే వెళ్ళేటప్పుడు ఒక్కో వైరులో అర వోల్టు, వచ్చేటప్పుడు ఉమ్మడి ఎర్త్ వైరులో ఒక వోల్టు పోతుంది. వోల్టేజి పదో వంతు తగ్గితే బల్బు వెలుతురులో మూడో వంతు దాకా పోతుంది. మందంగా ఉందని కొత్త బల్బులు మారుస్తూ కూర్చుంటారు జనం.

జమ్మికుంట_పత్తి:

సరే, ఎరుపు-నీలం ముచ్చట ఇడిశిపెడ్త. గని రోడ్డు మీద పోతాంటే పార్కింగ్ లైట్లు ఏసుకుంటే తప్పేంది? కనపడుడే కదా కావాల్సింది.

తణుకు_వైరింగ్:

హైవే మీంచి మిల్లు రోడ్డుకి కుడివైపు తిరగాలి తమ్ముడూ. నాలుగూ కొట్టుకుంటుంటే నువ్వు తిరుగుతున్నావని వెనకవాడికి ఎలా తెలుస్తుంది? వాడు సరిగ్గా అప్పుడే కుడి నుంచి దాటబోతాడు. పైగా తొట్టి అడ్డమై ఒక పక్క లైటే కనపడితే అది ఇండికేటరే అనుకుంటాడు. నడిచేటప్పుడు టెయిల్ లైట్లు, టేపు, కావాలంటే నారింజ లైటు. బండి ఆగిపోతేనో, హైవే మీద మరీ మెల్లగా పాకాల్సి వస్తేనో పార్కింగ్.

ఆగిపోయినప్పుడు కూడా రాత్రంతా దాన్నే నమ్ముకోవద్దు. ఆరు బల్బులూ సగం సేపు వెలిగినా సగటున 5 ఆంప్స్ పైన. 75 ఏహెచ్ (ఆంపియర్-అవర్) బ్యాటరీ, అందులోనూ పాతది, తెల్లారేసరికి సెల్ఫ్ తిప్పదు. మెరిసే త్రికోణం బోర్డు ఒకటి సీటు కింద పడేసుకుని, ఆగిన వెంటనే బాగా వెనక్కి నడిచివెళ్ళి పెట్టి రావాలి.

అయోవా_ఏలూరోడు:

త్రికోణం అంటే గుర్తొచ్చింది. ఇక్కడ అమెరికాలో గంటకి 25 మైళ్ళు, అంటే 40 కిలోమీటర్లు మించని బండ్ల వెనక నారింజ రంగు త్రికోణం బిగిస్తారు, చుట్టూ ఎర్రగా మెరిసే అంచు. పగలు నారింజ కనపడుతుంది, రాత్రి హెడ్‌లైటు పడితే ఎర్ర అంచు వెలుగుతుంది. వైరు లేదు, ఫ్యూజు లేదు. బ్రిటన్‌లో అయితే అంత మెల్లగా పోయే బండ్లు మధ్యలో డివైడరు ఉన్న పెద్ద రోడ్ల మీదికొస్తే నారింజ రంగు తిరిగే లైటు తప్పనిసరి చేశారు.

ఉంగుటూరు_రైతు:

స్విచ్చి అయింది, ఎర్త్ లాగాం, 15 ఫ్యూజు నిలబడింది. బ్రేకు లైటు ఇప్పుడు కళ్ళల్లో కొడుతోంది. ఒక్కటే మిగిలింది. తొట్టి వెనక బల్బుల బదులు ఎల్‌ఈడీవి పెట్టమంటున్నారు షాపులో. పెట్టొచ్చా?

తణుకు_వైరింగ్:

పెట్టొచ్చు, ఊపుడుకి తెగేందుకు వాటిలో తీగ ఉండదు కాబట్టి మంచిదే. కాకపోతే పాత రెండు కాళ్ళ వేడి ఫ్లాషరు లోడు తగ్గితే లయ తప్పుతుంది, లేదా అసలు కొట్టదు. ఎల్‌ఈడీలకి పనికొచ్చే మూడు కాళ్ళ ఎలక్ట్రానిక్ ఫ్లాషరు వేయండి: బీ బ్యాటరీ వైపు, ఎల్ లైట్ల వైపు, ఈ ఎర్త్. నిమిషానికి 60కీ 120కీ మధ్య కొట్టుకుంటే సరిగ్గా ఉన్నట్టు. నీళ్ళు దూరని సీలు లైటే తీసుకోండి, ఆ పైన ఒక ఇనుప జల్లెడ వెల్డింగ్ చేయించండి. ధాన్యం దింపేటప్పుడు తొట్టి తోకే ముందు నేలకి తగులుతుంది.