దేశి సరుకుల నమ్మవలెనోయ్: నమ్మాలా, అమ్మాలా?

మద్దిలపాలెం నుంచి:
గురజాడ దేశభక్తి గేయంలో ఒక క్రియ నన్ను నిద్రపోనివ్వట్లేదు. "జల్దుకొని కళలెల్ల నేర్చుకు దేశి సరుకులు..." ఆ తర్వాత నించవోయ్ అనా, నింపవోయ్ అనా? వలసపాలన పోయాక ఖనిజాల మీద పెత్తనం నిజంగా ఎవరి చేతికొచ్చిందన్న విషయం మీద మా కాలేజీలో మాట్లాడాలి. ఈ పాదాలు తెర మీద పెట్టి మొదలుపెడదామని ఉంది. "అన్ని దేశాల్ క్రమ్మవలెనోయ్, దేశి సరుకుల నమ్మవలెనోయ్" నోటికి వచ్చు. పెద్దలు ఆ ఒక్క క్రియ చూసి చెప్పండి.

భీమిలి మేష్టారు:
నించవోయ్ అమ్మా. నించు, నింపు రెండూ ఒకటే, మాత్రల లెక్కా మారదు. దాన్నలా ఉంచు. నువ్వు "సరుకుల" తర్వాత జాగా వదిలావు చూడు, గొడవంతా అక్కడుంది. అది సరుకులన్ + అమ్మవలెను. ఆ చివరి న్, అదే ద్రుతం, దాని మీద అచ్చు వచ్చి కలిసింది. నమ్మడం కాదు, అమ్మడం. కింది పాదాలే సాక్ష్యం: "డబ్బు తేలేనట్టి నరులకు కీర్తి సంపద లబ్బవోయ్". నమ్మితే డబ్బొస్తుందా?

సీతమ్మధార:
గురువుగారూ, నడక చూడండి. మూడు, నాలుగు, మూడు, నాలుగు. దేశి, సరుకుల, నమ్మ, వలెనోయ్. విరుపు సరిగ్గా "న" ముందే పడుతోంది. పాడేవాళ్లు అక్కడ ఆగుతారు, వినేవాళ్లకి నమ్మవలెనోయ్ అనే వినబడుతుంది. ముత్యాలసరం అనే ఈ ఛందస్సు కట్టిన మనిషికి ఆ సంగతి తట్టలేదంటే నేనొప్పుకోను. పైగా 1910 నాటి గేయం. వందేమాతరం ఉద్యమంలో విదేశీ బట్ట మానేసి మన నేత మీద భరోసా పెట్టుకోమన్న మాట ఇంకా చెవుల్లో మోగుతున్న రోజులు. ఆ "నమ్మకం" ఈ పాదంలో లేదనడం అన్యాయం.

భీమిలి మేష్టారు:
నడకలో విరుపు వేరు, పదం విరుపు వేరు. గణం మధ్యలో పదం తెగడం మన పద్యానికి కొత్తా? "క్రమ్మవలెనోయ్" దగ్గర ఆగి ఆలోచించు. అన్ని దేశాలూ క్రమ్మేది ఏది? ఓడెక్కిన సరుకు. ఇంట్లో కూర్చుని ఎంత నమ్మినా అది రేవు దాటదు.

గాజువాక:
మేష్టారు చెప్పిందే రైటు. కానీ ఏ సరుకుని అమ్మమన్నాడు? ఆ అమ్మాయి అడిగిన పాదాన్నే అందరూ వదిలేశారు. కళలెల్ల నేర్చుకుని నించిన సరుకు. అంటే చేసిన సరుకు. తవ్విన రాయి సరుకు కాదండీ. నేను ఇనుప రాయి కరిగించే బ్లాస్ట్ ఫర్నేస్‌లో పనిచేసి రిటైరయినవాణ్ణి, ఈ తేడా నాకు చేత్తో తెలుసు. బస్తరులోని బైలడిల్లా కొండల ఇనుప రాయి అరచేతిలో పెట్టుకుంటే బరువుగా, చల్లగా ఉంటుంది, చేతికి ఎర్రగా అంటుకుంటే సబ్బుకి ఓ పట్టాన వదలదు. అక్కడి కిరండూల్ నుంచి కొత్తవలసకి 1960ల్లో రైలు లైను వేసిందే ఆ రాయిని జపాను ఉక్కు మిల్లులకి పంపడానికి. తెల్లదొర వెళ్లిపోయి ఇరవయ్యేళ్లు అయ్యాయో లేదో, కొండ సొరంగాల్లోంచి రాయి దిగుతోంది, ఓడెక్కుతోంది. 1966లో "విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు" అని జనం రోడ్డెక్కారు. రాయి కాదు, ఉక్కు అన్నారు. ముప్ఫై రెండు మంది ప్రాణాలు పోయాయి. 1971 జనవరి 20న శంకుస్థాపన అయింది. 64 ఊళ్లు భూమి ఇచ్చాయి. అంతా అయ్యాక ఆ ప్లాంటుకి సొంత ఇనుప గని లేదు. రాయి కొనుక్కోవాల్సిందే. అమ్మవలెనోయ్ సరే, ముందు కొననక్కర్లేని రోజు రావాలి కదా.

అక్కయ్యపాలెం:
అన్నయ్యగారూ, మీ రాయికీ సరుకుకీ ఉన్న తేడా మీదే బొలీవియా ఇరుక్కుపోయింది. 1952 అక్టోబరు 31న అక్కడ పెద్ద తగరం గనులన్నీ జాతీయం చేశారు. కానీ తగరం కరిగించే పెద్ద కొలిమి దేశంలో లేదు. గని తమదే, ఖనిజం మాత్రం మళ్లీ ఇంగ్లండుకీ అమెరికాకీ ఓడెక్కించాలి. వింటోలో సొంత కొలిమి వెలిగేసరికి 1971 వచ్చింది. ఈ మధ్యలోనే, 1962 డిసెంబరు 14న, ఐక్యరాజ్యసమితి 1803వ తీర్మానం చేసింది. సహజ సంపద మీద శాశ్వత సార్వభౌమత్వం ఆయా జాతులది, ప్రజలది అని. కాగితం మీద గొప్ప మాట. కొలిమి లేనివాడికి ఆ సార్వభౌమత్వం గని గేటు దాకానే. మద్దిలపాలెం అమ్మాయీ, నీ ఉపన్యాసంలో ఇది తప్పక పెట్టు.

భీమిలి మేష్టారు:
చూశారా, చివరికి అమ్మడం దగ్గరికే వచ్చారు. ఇంకో మాట. విజయనగరం ప్రాంతంలో మాంగనీసు తవ్వకం 1892లోనే మొదలైంది, దేశం మొత్తం మీద అదే మొదలు. గురజాడ అప్పుడు ఆ ఊళ్లోనే ఉన్నాడు. మన నేల రాయి మన కళ్లముందే పరాయి కొలుములకి పోతుంటే చూసినవాడు, "కళలెల్ల నేర్చుకు" అని ఊరికే అనడు. ఇది నా నమ్మకం.

సీతమ్మధార:
మీ నమ్మకం అంటున్నారు గనక నమ్మవలెనోయ్ నెగ్గినట్టే! ఊరు ఒకటైనంత మాత్రాన పాదంలోకి మాంగనీసు రాదు గురువుగారూ. ఆయన కళ్లముందు మగ్గం ఉంది, పొలం ఉంది. "పాడిపంటలు పొంగిపొర్లే దారిలో" అన్నాడు గానీ గని అనలేదు.

పాడేరు:
నాకు ఆ గేయం ప్రాణం. అయినా "దేశమంటే మట్టి కాదోయ్" దగ్గరికొచ్చేసరికి మా వైపు పెద్దలు తల అడ్డంగా ఊపుతారు. కొండ మట్టి పోతే మా మనుషులెక్కడుంటారు అంటారు. మీరంతా సరుకుని నమ్మాలా అమ్మాలా అని వాదిస్తున్నారు. కొండని సరుకు అనొచ్చా అన్నది ఎవరూ అడగలేదు. అనంతగిరి మండలంలో ప్రైవేటు వాళ్లకిచ్చిన గని లీజుల మీద సమత అనే స్వచ్ఛంద సంస్థ వేసిన కేసులో 1997లో సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. షెడ్యూల్డు ప్రాంతంలో సర్కారు భూమినైనా గిరిజనేతరులకి గని లీజుకివ్వకూడదని. ఆ తీర్పు తర్వాత కూడా బాక్సైటు కోసం కాగితాలు కదులుతూనే వచ్చాయి. తీర్మానంలో "ప్రజలది" అన్నారన్నారు కదా, ఆ ప్రజలు ఢిల్లీలో ఉన్నారా, విశాఖలో ఉన్నారా, కొండ మీద ఉన్నారా? గాజువాక అన్నయ్య చెప్పిన రాయి కూడా బస్తరు ఆదివాసుల కొండదే. అది ఆంధ్రుల హక్కు ఎలా అయిందో నాకింకా అర్థం కాలేదు.

గాజువాక:
తమ్ముడూ, నువ్వడిగినదానికి మా యూనియన్ మీటింగుల్లో కూడా ఎవరూ జవాబు చెప్పలేదు. హక్కు ఉక్కు మీద అన్నాం. కొండ మీద అనలేదు.

భీమిలి మేష్టారు:
మట్టి కాదోయ్ అన్నది మట్టి అక్కర్లేదని కాదు నాయనా. భూపటం చూపించి ఇదే దేశం అనేవాడికి చెప్పిన మాట అది. పై పాదం కలిపి చదవాలి: "సొంత లాభం కొంత మానుకు పొరుగువాడికి తోడుపడవోయ్". చాలామంది "మానుకొని" అంటారు, నడక చెడుతుంది. మానుకు.

పాడేరు:
పొరుగువాడికి తోడుపడమన్నాడు సరే. ఇక్కడ లాభం మానుకున్నది ఎవరో కూడా చెప్పండి మేష్టారూ.

మద్దిలపాలెం నుంచి:
ఇవన్నీ రాసుకుంటున్నాను. ఇంతకీ తెర మీద "సరుకుల" తర్వాత జాగా వదలనా, కలిపెయ్యనా?

సీతమ్మధార:
వదులు.

భీమిలి మేష్టారు:
కలిపెయ్యి.

అక్కయ్యపాలెం:
కలిపినా విడదీసినా దాని పై పాదం లేకుండా పెట్టకు. అన్నట్టు మా అమ్మ ఆ పాదం ఎప్పుడూ "నింపవోయ్" అనే పాడేది. నించవోయ్ అని నేనెక్కడా వినలేదు మేష్టారూ.