క్లయింట్ కాంటాక్ట్‌లకి ప్రాజెక్ట్ టూల్‌లో ఎంతవరకు యాక్సెస్ ఇవ్వాలి? ఒకరి ప్రాజెక్ట్ ఇంకొకరికి కనిపించింది

కొత్త_లీడ్:

అందరికీ నమస్కారం. మాది 14 మంది ఉన్న సాఫ్ట్‌వేర్ సర్వీసెస్ టీమ్. రెడ్‌మైన్ (ప్రాజెక్ట్ పనులు రాసుకుని చూసుకునే టూల్) మా సొంత సర్వర్ మీదే నడుపుకుంటున్నాం. 9 క్లయింట్ కంపెనీలున్నాయి, వాళ్ల తరఫున మాతో మాట్లాడేవాళ్లు దగ్గర దగ్గర 60 మంది. మూడు నెలల క్రితం అడ్మిన్ పని నాకు వచ్చింది, అంతకుముందు చూసినాయన ఎవరికి ఏ యాక్సెస్ ఎందుకిచ్చారో ఎక్కడా రాసిపెట్టలేదు.

పోయిన వారం ఒక క్లయింట్ మేనేజర్ ఫోన్ చేసి, "మీ ప్రాజెక్ట్‌ల లిస్టులో ఇంకో కంపెనీ పేరు కనిపిస్తోంది, వాళ్లు మాకు పోటీదారులు, మా పేరు కూడా వాళ్లకి ఇలాగే కనిపిస్తోందా?" అని అడిగారు. నా దగ్గర జవాబు లేదు. చూసి చెప్తానని పెట్టేశాను, అప్పట్నుంచీ టెన్షన్‌గానే ఉంది. ఆయన్ని ఆ రెండో ప్రాజెక్ట్‌లో మెంబర్‌గా ఎవరూ పెట్టలేదు, రెండుసార్లు చూశాను. మరి ఎలా కనిపించింది?

ఇంకొన్ని కూడా అడగాలి. 60 మందికీ లాగిన్లు ఉన్నాయి, అందులో సగం మంది నెలల తరబడి లాగిన్ అయిందే లేదు. ఉద్యోగం మారిపోయినవాళ్లవీ ఉన్నాయి, వాటిని డిలీట్ చేసేయొచ్చా? మా వాళ్లు టికెట్లలోనే (ఒక్కో పనికీ, సమస్యకీ టూల్‌లో తెరిచే ఎంట్రీలు) లోపలి మాటలు కూడా రాసుకుంటారు, క్లయింట్‌కి కనిపించకుండా దాచే ప్రైవేట్ నోట్ టిక్ పెట్టడం ఒక్కోసారి మర్చిపోతారు. తప్పు టూల్‌ది కాదని నాకు తెలుసు, మా సెటప్‌దే. ఎక్కడ మొదలుపెట్టాలో చెప్పండి.

పదేళ్ల_అడ్మిన్:

ముందు ఆ క్లయింట్ అడిగినదానికి జవాబు. ఆ రెండో ప్రాజెక్ట్ సెట్టింగ్స్ తెరిచి "పబ్లిక్" అనే టిక్ ఉందేమో చూడండి. ఉండే ఉంటుంది. రెడ్‌మైన్ ఇన్‌స్టాల్ చేశాక ఎవరూ మార్చకపోతే కొత్త ప్రాజెక్ట్ పబ్లిక్‌గానే పుడుతుంది. పబ్లిక్ అంటే మెంబర్ కాకపోయినా లాగిన్ ఉన్న ప్రతివాళ్లూ "నాన్ మెంబర్" అనే రోల్ (ఎవరు ఏం చూడొచ్చో, చేయొచ్చో చెప్పే పర్మిషన్ల సెట్) కింద దాన్ని చూస్తారు. ఆ రోల్‌కి ఉన్న పర్మిషన్లన్నీ తీసేసినా ప్రాజెక్ట్ పేరూ వివరణా కనిపిస్తూనే ఉంటాయి, మీ విషయంలో ఆ పేరే కదా సమస్య. అందుకని ఈరోజే అన్ని ప్రాజెక్ట్‌లకీ ఆ టిక్ తీసేయండి. తర్వాత అడ్మినిస్ట్రేషన్‌లో సెట్టింగ్స్, అందులో ప్రాజెక్ట్స్ ట్యాబ్‌కి వెళ్లి కొత్త ప్రాజెక్ట్‌లు డిఫాల్ట్‌గా పబ్లిక్ అన్నదాన్ని కూడా తీసేయండి. లేకపోతే వచ్చే నెల ఇంకెవరో కొత్త ప్రాజెక్ట్ తెరుస్తారు, మళ్లీ ఇదే ఫోన్ వస్తుంది.

1975లో సాల్ట్‌జర్, ష్రోడర్ అనే ఇద్దరు కంప్యూటర్లలో సమాచార రక్షణ మీద ఒక పేపర్ రాశారు. అందులో ఒక సూత్రం ఏంటంటే, అనుమతి ఇస్తేనే తలుపు తెరుచుకోవాలి, ఇవ్వకపోతే అది మూసే ఉండాలి. మీ సెటప్‌లో ఇది తిరగబడింది. అందరికీ తెరిచిపెట్టి, మూయాల్సినవి గుర్తుపెట్టుకుని మూస్తున్నారు. మనిషన్నాక ఏదో ఒకటి మర్చిపోతాడు.

ఇప్పుడు 60 మంది సంగతి. కాంటాక్ట్ వేరు, యూజర్ వేరు. కాంటాక్ట్ అంటే మనం ఫోన్ చేయాల్సిన మనిషి, ఆయన పేరు, హోదా, ఏ కంపెనీ, ఏ విషయానికి ఆయన్ని అడగాలి అన్న వివరాలు. యూజర్ అంటే మన సిస్టమ్‌లోకి రాగల మనిషి. బిల్లులు పాస్ చేసే అకౌంట్స్ వాళ్లు మీకు ముఖ్యమైన కాంటాక్టే, కానీ వాళ్లకి టికెట్లతో పనేంటి? రెడ్‌మైన్‌తో పాటు కాంటాక్ట్‌ల మాడ్యూల్ రాదు, ప్లగిన్ (పైన కలుపుకునే అదనపు ప్రోగ్రామ్) పెట్టుకోవాలి, లేదా ఆ లిస్ట్ వేరేచోట ఉంచుకోవాలి. అది లేకపోవడం వల్లే చాలామంది ఫోన్ నంబర్ దాచుకోవడానికి కూడా యూజర్‌ని క్రియేట్ చేసేస్తారు. మీ 60లో నిజంగా లాగిన్ కావలసినవాళ్లు కంపెనీకి ఇద్దరో ముగ్గురో తేలతారని నా అంచనా.

ఆ లాగిన్ ఉంచేవాళ్లకి కూడా మనిషి మనిషికీ విడిగా పర్మిషన్ ఇవ్వకండి. ఒక్కో క్లయింట్ కంపెనీకి ఒక గ్రూప్ చేసి, ఆ గ్రూప్‌ని వాళ్ల ప్రాజెక్ట్‌లో "క్లయింట్" అనే రోల్‌తో చేర్చండి. కొత్త మనిషి వస్తే గ్రూప్‌లో వేస్తారు, వెళ్లిపోతే తీస్తారు, ప్రాజెక్ట్ జోలికి వెళ్లక్కర్లేదు. ఆ రోల్‌లో ఏం ఉండాలంటే, టికెట్ చూడటం, కొత్తది పెట్టడం, కామెంట్ రాయడం, ఫైళ్లు చూడటం. టైమ్ ఎంట్రీలు (ఏ పనికి ఎన్ని గంటలు పట్టిందో రాసినవి) చూడటం మీ కాంట్రాక్ట్‌ని బట్టి, గంటల లెక్కన బిల్లు వేస్తే ఇవ్వండి, లేకపోతే వద్దు. ప్రైవేట్ నోట్స్ చూసే పర్మిషన్ అసలు ఇవ్వకండి. "యూజర్స్ విజిబిలిటీ" అని ఇంకోటి ఉంటుంది, అది అందరు యూజర్లూ కనిపించేలా ఉంటే పేర్లు బయటపడతాయి. తమకి కనిపించే ప్రాజెక్ట్‌ల మెంబర్లు మాత్రమే అన్నదానికి మార్చండి. దాన్ని నాన్ మెంబర్ రోల్‌లో కూడా మార్చండి, అక్కడ చాలామంది చూడరు.

ఇంకో తప్పు నేను స్వయంగా చేసినది చెప్తాను. ఒకాయనకి ఎక్కువ కనిపిస్తోందని, తక్కువ పర్మిషన్లున్న ఇంకో రోల్ కూడా అదే ప్రాజెక్ట్‌లో కలిపాను, తగ్గుతుందనుకుని. తగ్గదు. ఒకే ప్రాజెక్ట్‌లో రెండు రోల్స్ ఉంటే పర్మిషన్లు కలుస్తాయి, దేంట్లో ఎక్కువ ఉంటే అదే వర్తిస్తుంది. తగ్గించాలంటే ఎక్కువున్న రోల్‌ని తీయాల్సిందే. ఇది తెలుసుకునేలోపు రెండు వారాలు ఆయన మా లోపలి టికెట్లన్నీ చూశాడు.

డిలీట్ మాత్రం వద్దు. యూజర్‌ని డిలీట్ చేస్తే ఆయన రాసిన టికెట్లూ కామెంట్లూ "అనానిమస్" పేరు మీదకి వెళ్లిపోతాయి. రేపు ఈ మార్పు ఎవరు అడిగారు, ఎవరు ఒప్పుకున్నారు అనే గొడవ వస్తే మీ చేతిలో ఆధారం ఉండదు. లాక్ చేయండి. లాగిన్ ఆగుతుంది, ఆయన ఏపీఐ కీ (వేరే ప్రోగ్రామ్‌ల ద్వారా లోపలికి రావడానికి వాడే కోడ్) కూడా పనిచేయదు, చరిత్ర మాత్రం ఆయన పేరు మీదే ఉంటుంది.

సులువు_దారి:

ఇంత తలనొప్పి ఎందుకండీ, కంపెనీకి ఒక్క లాగిన్ ఇచ్చేయండి, వాళ్లలో వాళ్లు పాస్‌వర్డ్ పంచుకుంటారు. 9 కంపెనీలకి 9 లాగిన్లు, మీ పని అయిపోతుంది. మేం అలాగే చేస్తున్నాం.

పదేళ్ల_అడ్మిన్:

వద్దండీ, దయచేసి ఇది చేయకండి. అక్కడ ఒకరు ఉద్యోగం మానేసినప్పుడు ఆ పాస్‌వర్డ్ మారుస్తారని మీకు ఎవరు హామీ ఇస్తారు? వాళ్లు మానేసిన సంగతే మనకి తెలియదు. "ఈ డిజైన్ ఓకే" అని కామెంట్ ఉంటే అది మేనేజర్ రాశారా, నిన్న చేరిన ట్రైనీ రాశారా? రెండంచెల లాగిన్ పెడితే కోడ్ ఎవరి ఫోన్‌కి వెళ్లాలి? అప్రూవల్స్ టికెట్‌లోనే తీసుకుంటున్నట్టయితే ఒక్కో మనిషికి ఒక్కో లాగిన్ తప్పదు.

అవతలి_వైపు:

నేను క్లయింట్ వైపు మనిషిని. నాలుగు వెండర్ కంపెనీల టూల్స్‌లో నాకు లాగిన్లున్నాయి కాబట్టి మా వైపు సంగతీ చెప్తాను.

పాత కంపెనీలో ఉండగా ఒక వెండర్ ఇచ్చిన యాక్సెస్, నేను అక్కడ మానేసి ఏడాది దాటాక కూడా పనిచేసింది. నా సొంత మెయిల్ ఐడీకి నోటిఫికేషన్లు వస్తూనే ఉన్నాయి, అందులో మా పాత కంపెనీ రిలీజ్ తేదీలు, బగ్స్, అన్నీ. రెండుసార్లు రాశాక తీశారు. అది చదవడం నాకు ఇష్టం లేదు, తెలియకూడనివి తెలియడం ఎంత ఇబ్బందో పడ్డవాళ్లకే తెలుస్తుంది. అందుకని ఒకటి చేయండి, లాగిన్లు ఆఫీసు మెయిల్ ఐడీ మీదే ఇవ్వండి. మనిషి మానేస్తే ఆ మెయిల్‌బాక్స్ వాళ్ల ఐటీ వాళ్లే మూస్తారు, మీరు ఒకరిని మర్చిపోయినా నోటిఫికేషన్లు బయటికి పోవు. లాగిన్‌ని మాత్రం మీరే లాక్ చేయాలి, దానికి దారి ఏంటంటే ప్రతి క్లయింట్ దగ్గరా ఒకరిని బాధ్యుడిగా పెట్టుకుని, మూడు నెలలకోసారి "మీ తరఫున వీళ్లకి యాక్సెస్ ఉంది, ఇంకా ఉండాలా?" అని పేర్ల లిస్ట్ పంపడం. నాకు ఒక వెండర్ అలా పంపుతారు. ఐదు నిమిషాల పని, ప్రతిసారీ ఒకరిద్దరి పేర్లు కొట్టేస్తాను.

కానీ భయపడిపోయి మరీ బిగించేయకండి. ఒక టూల్‌లో నాకు నేను పెట్టిన టికెట్లు తప్ప ఇంకేమీ కనిపించవు, పక్క సీటులో కూర్చునే మా సహోద్యోగి పెట్టినవి కూడా కనిపించవు. ఆయన సెలవు పెడితే నేను గుడ్డివాణ్ణే. చివరికి ఏమైందంటే, మేం టూల్ వదిలేసి ఎక్సెల్ షీట్ మెయిల్‌లో తిప్పుకుంటున్నాం, అది ఎవరి దగ్గర ఎన్ని కాపీలుందో ఎవరికీ తెలియదు. అవసరమైనది ఇవ్వకపోతే జనం ఇంకో దారి వెతుక్కుంటారు, ఆ దారికి ఏ పర్మిషనూ ఉండదు.

జిరాలో_పని:

మేం జిరా (రెడ్‌మైన్ లాంటిదే ఇంకో టూల్) వాడతాం, మెనూలు వేరు కానీ సమస్య ఇదే. మా దగ్గర ఒకప్పుడు పర్మిషన్ స్కీమ్‌లో (ప్రాజెక్ట్‌లో ఎవరు ఏం చేయొచ్చో రాసే నియమాల పట్టీ) "లాగిన్ అయిన ఎవరైనా" ప్రాజెక్ట్ చూడొచ్చని ఉండేది, ఒకటే స్కీమ్ అన్ని ప్రాజెక్ట్‌లకీ తగిలించి ఉండటంతో ఒక్క లైను వల్ల అన్నీ తెరుచుకున్నాయి. ఆ లైను తీసి ప్రాజెక్ట్ రోల్ పెట్టాం. రోల్ పేరు అన్నిచోట్లా ఒకటే, అందులో ఎవరున్నారన్నది మాత్రం ప్రాజెక్ట్‌కి ప్రాజెక్ట్‌కీ మారుతుంది, అందుకే స్కీమ్ ఒక్కటి చాలు.

లోపలి మాటల గురించి ఎవరూ చెప్పలేదు కాబట్టి చెప్తున్నా. కామెంట్‌కి టిక్ పెట్టి దాచడం మీద ఆధారపడకండి. రాసేవాడు హడావిడిలో ఉంటాడు, మర్చిపోయిన మరుక్షణం మెయిల్ వెళ్లిపోతుంది. తర్వాత కామెంట్ డిలీట్ చేసినా అవతలివాళ్ల ఇన్‌బాక్స్‌లోది మన చేతిలో లేదు. రెండు ప్రాజెక్ట్‌లు పెట్టుకోండి, క్లయింట్ చూసేది ఒకటి, మనది ఒకటి, రెండు టికెట్లకీ లింకు. కొంచెం పని పెరుగుతుంది. మా వాళ్లు మొదటి నెల విసుక్కున్నారు, ఇప్పుడు లోపలి ప్రాజెక్ట్‌లో నిశ్చింతగా రాసుకుంటున్నారు.

కొత్త_లీడ్:

అందరికీ చాలా థాంక్స్. నిన్నా ఇవాళా కూర్చుని చేసినవి చెప్తాను.

పబ్లిక్ టిక్కే. 23 ప్రాజెక్ట్‌లలో 8కి ఉంది. అన్నిటికీ తీసేశాను, డిఫాల్ట్ కూడా మార్చాను. తర్వాత ఒక డమ్మీ యూజర్‌ని చేసి ఒక క్లయింట్ గ్రూప్‌లో వేసి, నేనే ఆ లాగిన్‌తో వెళ్లి చూశాను. ఇది మొదటే చేయాల్సింది, అడ్మిన్ లాగిన్‌తో చూస్తే అన్నీ కనిపిస్తాయి కాబట్టి తేడా తెలియలేదు ఇన్నాళ్లూ. అలా చూసినప్పుడే ఇంకోటి దొరికింది. మా లోపలి ప్రాజెక్ట్ ఒకటి క్లయింట్ ప్రాజెక్ట్ కింద సబ్‌ప్రాజెక్ట్‌గా ఉంది, దానికి "ఇన్‌హెరిట్ మెంబర్స్" టిక్ ఉంది. అంటే పై ప్రాజెక్ట్‌లో ఉన్న క్లయింట్ వాళ్లందరూ కింద మా దాంట్లోకి కూడా వచ్చేశారు. అదీ తీసేశాను. రెండు ప్రాజెక్ట్‌లుగా విడగొట్టేవాళ్లు దయచేసి ఇది చూసుకోండి.

లాగిన్లు 60 నుంచి 21కి వచ్చాయి, మిగతావి లాక్. ఆ క్లయింట్ మేనేజర్‌కి ఫోన్ చేసి జరిగింది జరిగినట్టు చెప్పాను. మీ ప్రాజెక్ట్ పేరు కూడా వాళ్లకి కనిపించే అవకాశం ఉండింది, లోపలి టికెట్లు కాదు, ఇప్పుడు మూసేశాం అన్నాను. నాన్ మెంబర్ రోల్‌కి టికెట్లు చూసే పర్మిషన్ లేదని సరిచూసుకున్నాకే ఆ మాట అన్నాను. కోప్పడతారనుకున్నా, రాతలో పంపమన్నారు, పంపాను. రెండో కంపెనీకి కూడా నేనే ముందుగా చెప్పాను.

ఒక్క సందేహం మిగిలింది. ఒక కన్సల్టెంట్ ఉన్నారు, మా ఇద్దరు క్లయింట్లకీ ఆయనే పనిచేస్తున్నారు. ఆయనకి రెండు లాగిన్లు ఇవ్వాలా?

పదేళ్ల_అడ్మిన్:

ఆయన రెండు కంపెనీల తరఫునా మాట్లాడతారన్న సంగతి ఆ రెండు కంపెనీలకీ తెలుసా? ముందు అది కనుక్కోండి, వాళ్ల బాధ్యుల దగ్గర మెయిల్‌లో ఒప్పుదల తీసుకోండి. తెలిస్తే ఒక్క లాగిన్ చాలు, ఆయన్ని రెండు గ్రూపుల్లోనూ వేయండి. మెంబర్‌షిప్ ప్రాజెక్ట్‌కి ప్రాజెక్ట్‌కీ విడిగా ఉంటుంది కాబట్టి ఆయన వల్ల ఒక కంపెనీవాళ్లకి రెండోవాళ్లది తెరుచుకోదు. ఆయన ప్రొఫైల్ తెరిచి చూసినా, చూసేవాళ్లకి హక్కున్న ప్రాజెక్ట్‌లే అక్కడ కనిపిస్తాయి. అయినా మీ డమ్మీ యూజర్‌తో ఒకసారి ఆయన ప్రొఫైల్ తెరిచి చూసుకోండి.

ఒకవేళ ఒక కంపెనీ మాకు తెలియదు అంటే మాత్రం, లాగిన్ లాక్ చేసి వాళ్లు తేల్చుకునేదాకా ఆగండి.