డబ్బా మీద చీటీయా, బల్లికే గుర్తా? గెకోల పెంపకంలో పద్దులు: మారుపేర్లతో కొందరు పెంపకందారుల చర్చ

పొలుసుల పద్దు
నా దగ్గర 14 లెపర్డ్ గెకోలు ఉన్నాయి. 7వది ట్రెంపర్ ఆల్బినో (నల్ల రంగు లేని ఒక రకం) తండ్రికి పుట్టింది, కాబట్టి కచ్చితంగా హెట్, అంటే పైకి కనిపించకపోయినా ఆ ఆల్బినో జన్యువు ఒకటి దానిలో ఉంది. 8వది వేరే జంట పిల్ల, దానిలో ఆ జన్యువు లేదు. రెండూ ఆడవే, చూడటానికి అక్కచెల్లెళ్లలా ఉంటాయి. సంఖ్యలను డబ్బాల మూతల మీదే రాశాను. మూతలన్నీ ఒకేసారి కడిగి, వరుసగా ఆరబెట్టి, తిరిగి పెట్టడం నా పద్ధతి. 7వది చెయ్యి చూస్తే వెనక్కి తగ్గే రకం, 8వది ఎదురొచ్చే రకం. కొంతకాలంగా ఆ తీరు తారుమారైంది. మూతలు మారిపోయాయని నా భయం. జత కట్టే కాలం దగ్గరపడింది. ఇప్పుడు ఏది ఏదో ఎలా తేల్చుకోవాలి?

రాత్రి సంచారి
పిల్ల గుడ్డులోంచి వచ్చిన రోజు తీసిన ఫొటోలను నమ్ముకోకండి. లెపర్డ్ గెకో పిల్లకు ఉండే అడ్డపట్టీలు పెరిగేకొద్దీ విడిపోయి మచ్చలవుతాయి. పెద్దయ్యాక పోల్చి చూస్తే అదే బల్లి అని చెప్పలేం. నెలకొకసారి తల పైభాగం, రెండు పక్కలు ఒకే వెలుతురులో తీస్తూ పోతే ఒక ఫొటో నుంచి మరో ఫొటోకు మార్పును అనుసరించవచ్చు. తోకను గుర్తుగా తీసుకోవద్దు. తెగితే కొత్తది వేరే రూపంలో వస్తుంది. రంగు చుక్క పెట్టినా కుబుసంతో పోతుంది, పైగా ఆ కుబుసాన్ని అదే తినేస్తుంది. బాల్ పైథాన్ పాములు పెంచేవారికి ఈ బాధ తక్కువ. రంగు మారినా, ఒంటి మీది గీతల అమరిక జీవితాంతం దాదాపు అలాగే ఉంటుంది.

గుడ్ల గంప
నా పద్దు గుడ్డు దగ్గరే మొదలవుతుంది. పెట్టిన గుడ్డును తిప్పకూడదు కాబట్టి తీయకముందే పైవైపున పెన్సిల్‌తో గుర్తు పెడతాను. తర్వాత 24-7-3-2 అని రాస్తాను: 2024, 7వ తల్లి, 3వ విడత, 2వ గుడ్డు. పిల్ల ఎన్ని డబ్బాలు మారినా ఆ సంఖ్య మారదు. గుడ్లు పొదిగే ఉష్ణోగ్రత తప్పక రాయండి. వీటిలో 26–28 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఎక్కువగా ఆడవి, 32 డిగ్రీల చుట్టుపక్కల ఎక్కువగా మగవి వస్తాయి.

ఇంకొకటి, తండ్రి గడి. ఆడ గెకో వీర్యాన్ని తనలో నిల్వ ఉంచుకోగలదు. మధ్యలో మగదాన్ని మార్చారంటే తర్వాతి విడతలకు ఇద్దరి పేర్లూ రాయాలి. కొత్తదాని పేరే రాసేయడం అబద్ధపు వంశావళికి మొదటి అడుగు. నేను చూసిన పద్దుల్లో ఎక్కువ తప్పులు ఇక్కడే ఉన్నాయి.

తాబేటి చిప్ప
తాబేళ్లకు నేను మైక్రోచిప్ (ఒంట్లో ఉంచే గుర్తింపు చిప్) పెట్టిస్తున్నాను, పశువైద్యుడి చేతనే. మామూలు చిప్ సుమారు 12 మిల్లీమీటర్ల పొడవు ఉంటుంది. చిన్న ప్రాణికి అది పెద్ద గాయమే, పెరిగే వరకు ఆగాల్సిందే. అందాకా పొట్టవైపు డొప్పను ఫొటో తీసి ఉంచుతాను. చిప్‌లో ఉండేది 15 అంకెల సంఖ్య మాత్రమే. పుస్తకం పోతే ఆ సంఖ్యకు అర్థం లేదు. అందుకే నా పద్దు రెండు చోట్ల ఉంటుంది.

జన్యురేఖ
పొలుసుల పద్దు గారూ, మీరు 'ట్రెంపర్' అని రాసుకోవడం మంచి పని. ట్రెంపర్, బెల్, రెయిన్‌వాటర్ మూడూ వేర్వేరు ఆల్బినో రకాలు. వాటిలో ఏ రెండింటిని కలిపినా పిల్లలు మామూలుగానే కనిపిస్తాయి. ఉత్తి 'ఆల్బినో' అని రాసిన పద్దు ఎందుకూ కొరగాదు.

తేల్చుకోవడానికి ఒక దారి ఉంది. మీరు 7వది అనుకుంటున్నదాన్ని ట్రెంపర్ ఆల్బినో మగదానితో జత కట్టండి. ఒక్క ఆల్బినో పిల్ల వచ్చినా అది హెట్ అని రుజువైనట్టే. హెట్ అయితే ప్రతి పిల్లకూ సగం అవకాశం ఉంటుంది. వరుసగా ఆరు మామూలు పిల్లలు రావడానికి 64లో ఒక వంతే అవకాశం. తేలే వరకు ఆ పిల్లలను హెట్ అని చెప్పి ఎవరికీ ఇవ్వకండి. పుచ్చుకున్నవారు మీ మాట మీద రెండు మూడేళ్లు పెట్టుబడి పెడతారు.

గుడ్ల గంప
జత కట్టే ముందు ఒక మాట. వారం వారం తూకం వేస్తున్నారా?

పొలుసుల పద్దు
వేస్తున్నాను. మీరు అడిగాక పుస్తకం తీశాను. తొమ్మిది వారాల కిందటి వరకు 7వది 51, 52, 52 గ్రాములు, 8వది 61, 62, 63. ఆ తర్వాతి వారం 7వ గడిలో 63, 8వ గడిలో 52. అక్కడి నుంచి రెండూ అలాగే నిలకడగా ఉన్నాయి. ఒక్క వారంలో ఒకటి పదకొండు గ్రాములు తగ్గి, మరొకటి సరిగ్గా అంతే పెరగదు. ఆ తేదీ పక్కన నా చేతిరాతే ఉంది: 'మూతలు కడిగాను'. ప్రతి వారం రాస్తూనే ఉన్నాను, ఒక్కసారీ వెనక్కి తిరిగి చదవలేదు.

తొమ్మిది వారాల తూకాలను సరైన గడుల్లోకి మార్చాను. పాత అంకెలను చెరిపేయకుండా, పక్కన దిద్దుబాటు తేదీ వేశాను. జన్యురేఖ గారు చెప్పిన జత కూడా కడతాను. సంఖ్యలు మూతల మీంచి డబ్బాల గోడల మీదికి వచ్చాయి, ప్రతి డబ్బా లోపల తల ఫొటో అతికించాను. రేపటి నుంచి ఒక డబ్బా శుభ్రం చేయడం పూర్తయ్యాకే రెండోదాని మూత తీస్తాను.