ఎస్టోనియా పరిశోధన పత్రాల గ్రాఫ్: ఈ పెరుగుదలలో అసలు ఎంత, లెక్కింపు వల్ల వచ్చింది ఎంత?

పట్టిక_చూపు:
ఎస్టోనియా నుంచి వచ్చిన పరిశోధన పత్రాల సంఖ్యను 1990 నుంచి 2023 దాకా స్కోపస్ అనే పరిశోధన పత్రాల డేటాబేస్‌లోంచి ఏడాదివారీగా దించాను. గీత దాదాపు ఆగకుండా పైకే పోతోంది. సైటేషన్ ప్రభావమూ (ఇతర పత్రాలు వీటిని ఎంతగా ఉటంకించాయన్న కొలత, ప్రపంచ సగటు 1) ప్రపంచ సగటు కంటే బాగా ఎక్కువే చూపిస్తోంది. 13 లక్షల పైచిలుకు జనాభా ఉన్న దేశానికి ఇది పెద్ద విషయమే. కానీ ఇదంతా సెర్న్ (జెనీవా దగ్గరి అంతర్జాతీయ కణ భౌతికశాస్త్ర ప్రయోగశాల) పత్రాల చలవేనని ఒక వాదన ఉంది. ఆ ప్రభావాన్ని విడదీసి చూడాలంటే ఏం చేయాలి? తలసరి లెక్క వేస్తే సరిపోతుందా? మొదలుపెట్టే సంవత్సరం 1990 సరైనదేనా?

సైటేషన్_కాపరి:
ముందు మొదటి సంవత్సరం సంగతి. 1990 పెట్టకండి. సోవియట్ కాలంలో ఎస్టోనియా నగరాలైన టార్టూ, టాలిన్ చిరునామాలు చాలావరకు యూఎస్ఎస్ఆర్ కిందే నమోదయ్యాయి. దేశం పేరుతో వెతికితే అవి దొరకవు కాబట్టి 1991 తర్వాత గీత శూన్యం నుంచి లేచినట్టు కనిపిస్తుంది. 1993 లేదా 1994 నుంచి మొదలుపెట్టండి.

తలసరి లెక్కలోనూ ఒక మెలిక ఉంది. 1990లో ఆ దేశ జనాభా దాదాపు 15.7 లక్షలు, ఇప్పుడు 13.7 లక్షలు. పత్రాలు ఒక్కటీ పెరగకపోయినా తలసరి సంఖ్య పెరుగుతుంది. పరిశోధకుల సంఖ్యతో భాగించండి. అదీ తలకాయల లెక్క కాదు, పూర్తికాల సమానం లెక్క (సగం సమయం పనిచేసేవాళ్లు అర మనిషి) తీసుకోండి.

ఇక సెర్న్. టాలిన్‌లోని జాతీయ రసాయన భౌతిక, జీవభౌతిక సంస్థ సెర్న్‌లోని సీఎంఎస్ ప్రయోగంలో సభ్యురాలు. సీఎంఎస్ తన వెయ్యో పత్రాన్ని 2020లో సమర్పించింది, అంటే పదేళ్లలో ఏటా సగటున వంద. వాటిలో దాదాపు ప్రతిదాని మీదా టాలిన్ చిరునామా ఉంటుంది. ఫుల్ కౌంటింగ్‌లో ఒక్కొక్కటీ ఎస్టోనియాకు నిండు ఒకటి. సెర్న్‌లోని మరో ప్రయోగం అట్లాస్, సీఎంఎస్ కలిసి 2015లో ప్రచురించిన హిగ్స్ కణం ద్రవ్యరాశి పత్రానికి 5,154 మంది రచయితలు. ఏదో ఒక దేశం వాళ్లు అందులో అయిదుగురు ఉన్నారనుకోండి, ఫ్రాక్షనల్ కౌంటింగ్‌లో, అంటే రచయితల వంతును బట్టి పత్రాన్ని పంచే లెక్కలో, ఆ దేశానికి దక్కేది 0.001 కంటే తక్కువ.

పెద్ద దేశపు లెక్కలో ఇలాంటి వంద పత్రాలు కనిపించకుండా పోతాయి. ఏటా మొత్తం కొన్ని వేలే ఉన్న దేశంలో అవి సగటునే మోసుకుపోతాయి. ఊహాలెక్క ఒకటి చూడండి: 1,000 పత్రాల్లో 60 పత్రాల సైటేషన్ ప్రభావం 12, మిగతా 940 పత్రాలది 1.1. సగటు 1.75 వస్తుంది. ఆ అరవై తీసేస్తే 1.1. రెండూ నిజమైన సంఖ్యలే, కానీ రెండూ చెప్పేది ఒకటి కాదు. అందుకే సగటు కన్నా, ప్రపంచంలో తమ రంగంలో ఎక్కువ సైటేషన్లు పొందిన పది శాతంలోకి ఎన్ని పత్రాలు చేరాయన్న వాటాను నమ్మాలి. పత్రానికి ఐదు వేల సైటేషన్లు వచ్చినా అక్కడ ఒకటిగానే లెక్క.

చేసే పద్ధతి: పత్రం రకంలో ఆర్టికల్, రివ్యూ మాత్రమే ఉంచండి. ప్రతి పత్రానికీ ఎస్టోనియా చిరునామా ఉన్న రచయితలను మొత్తం రచయితలతో భాగించండి. ఒకే రచయితకు రెండు దేశాల చిరునామాలుంటే ఆ వంతును సగం సగం చేయండి. స్కోపస్ లాంటి మరో డేటాబేస్ వెబ్ ఆఫ్ సైన్స్‌లో ఏ రచయితది ఏ చిరునామా అన్న లంకె 2008 నుంచే వరుసగా దొరుకుతుంది. అంతకుముందు చిరునామాల వాటా లెక్కే గతి. గ్రాఫ్‌లో 2008 దగ్గర గీత తెంపి చూపించండి, కలిపేస్తే అక్కడ లేని మలుపు కనిపిస్తుంది.

జీనోమ్_వైపు:
పైన చెప్పిన పద్ధతి బాగుంది, కానీ వందమందికి పైగా రచయితలున్న పత్రాలన్నీ ఒక్క కోతతో తీసేయకూడదు. ఎస్టోనియా బయోబ్యాంక్‌లో (జన్యు నమూనాల భాండారం) రెండు లక్షల పైచిలుకు మంది ఉన్నారు, వయోజనుల్లో దాదాపు ఐదోవంతు. జన్యు సంబంధాల మీద వచ్చే అంతర్జాతీయ పత్రాల్లో ఆ దత్తాంశం నిజమైన ముడిసరుకు. రచయితల జాబితా పొడుగ్గా ఉన్నంత మాత్రాన టార్టూ పాత్ర నామమాత్రం కాదు.

మూడు గీతలు వేయండి: అన్నీ, వెయ్యిమంది దాటినవి తీసేసి, వందమంది దాటినవి తీసేసి. మొదటికీ రెండోదానికీ మధ్య ఎడం దాదాపుగా సెర్న్‌ది. రెండోదానికీ మూడోదానికీ మధ్య ఎడంలో జన్యుశాస్త్రం, వ్యాధిభారం అధ్యయనాలు ఎక్కువ. వీటితో పాటు కరెస్పాండింగ్ ఆథర్ (పత్రం తరఫున జవాబిచ్చే రచయిత) ఎస్టోనియాలో ఉన్న పత్రాలను విడిగా లెక్కించండి. నాయకత్వం ఎవరిదో అక్కడ తెలుస్తుంది. శిలీంధ్ర శాస్త్రాన్ని చూస్తే ఇది బాగా అర్థమవుతుంది: ప్రపంచవ్యాప్తంగా మట్టిలోని శిలీంధ్రాల వైవిధ్యం మీద 2014లో సైన్స్ పత్రికలో వచ్చిన పత్రానికి నాయకత్వం టార్టూదే. శిలీంధ్రాలను డీఎన్ఏ వరుసతో గుర్తుపట్టే యునైట్ డేటాబేస్‌కూ టార్టూలోనే గట్టి పునాది ఉంది. సెర్న్‌ను తీసేసినా ఈ ఎత్తు తగ్గదు. అంతా సెర్న్ చలవే అనేవాళ్లు చూడాల్సింది ఇదే.

పట్టిక_చూపు:
ఇద్దరికీ ధన్యవాదాలు. రంగాలవారీగా విడదీస్తే కొన్ని రంగాల్లో ఏటా ఎనభై పత్రాలే వస్తున్నాయి. ఒక ఏడాది 15 శాతం పత్రాలు ఆ అగ్ర పది శాతంలో, మరుసటి ఏడాది 9 శాతం. దీన్ని పతనం అనొచ్చా? వెబ్ ఆఫ్ సైన్స్ సైటేషన్ల మీద తయారయ్యే ఎసెన్షియల్ సైన్స్ ఇండికేటర్స్ వాడితే ఈ ఊగిసలాట ఉండదు కదా?

సైటేషన్_కాపరి:
అనకూడదు. 80 పత్రాల్లో 15 శాతం అంటే 95 శాతం విశ్వాస పరిధి (అసలు విలువ ఉండగల హద్దులు) సుమారు 7 నుంచి 23 దాకా. 9 శాతం అందులోనే ఉంది. మూడేళ్లు కలిపి 240 చేస్తే అటూ ఇటూ 4.5 పాయింట్లకు తగ్గుతుంది. అంతకు మించి విడదీయాలంటే ఆ రంగానికి ఏడాదివారీ గీత వద్దు, ఐదేళ్ల ముక్కలు చాలు.

మీరు చెప్పిన ఇండికేటర్స్‌ది పదేళ్ల కిటికీ. ఊగిసలాట తగ్గుతుంది నిజమే, కానీ మార్పు ఆలస్యంగా కనిపిస్తుంది. పైగా కిటికీ జరిగినప్పుడు పాత ఏడాది మొత్తం రాలిపోతుంది. 2012 నాటి హిగ్స్ ఆవిష్కరణ పత్రం 2023 ప్రాంతంలో అలాగే బయటికి పోయింది. ఆ తర్వాత ఒక చిన్న దేశపు భౌతికశాస్త్రం సగటు దిగితే, అక్కడ ల్యాబులు మూతపడ్డాయని రాయకండి.

సూచిక_పని:
డేటాబేస్ తానే పెరగడం మాట ఎవరూ ఎత్తలేదు. వెబ్ ఆఫ్ సైన్స్ 2015లో ఎమర్జింగ్ సోర్సెస్ సూచికను (జర్నళ్ల జాబితా) తెచ్చింది, వేల జర్నళ్లు కొత్తగా చేరాయి. అది కలిపి లెక్కిస్తే ఎవరూ అదనంగా ఒక్క పత్రం రాయకపోయినా సంఖ్య పెరుగుతుంది. మూడు పాత సూచికలకే (సైన్స్, సామాజిక శాస్త్రాలు, కళలు-మానవీయ శాస్త్రాలు) పరిమితం కండి. స్కోపస్‌లో ఆ వీలు లేదు కాబట్టి మొదటి ఏడాది నుంచి చివరి ఏడాది దాకా తెగకుండా ఉన్న జర్నళ్ల జాబితా తయారుచేసి, దాని మీద రెండో గీత వేయండి. 2011లో మొదలైన సైంటిఫిక్ రిపోర్ట్స్ వంటివి ఇందులోంచి జారిపోతాయి, అందుకే ఈ గీత ఒక్కదాన్నే చూపించకూడదు.

పత్రాల గీతను పరిశోధన ఖర్చు గీతతో పోల్చాలనిపిస్తే 2011 దగ్గర ఆగండి. ఆ ఏడాది ఖర్చు జీడీపీలో 2 శాతం దాటింది, కానీ ఆ ఉబ్బులో పెద్ద భాగం చమురు శిల పరిశ్రమ పెట్టుబడులది. ప్లాంట్ కట్టిన డబ్బు జర్నల్ పత్రంగా బయటికి రాదు. ఉన్నత విద్య, ప్రభుత్వ రంగాల ఖర్చు మాత్రమే తీసుకుని, రెండు మూడేళ్లు వెనక్కి జరిపి పోల్చండి.

మానవీయ శాస్త్రాలు ఈ లెక్కల్లో సగం కనపడవు. ఎస్టోనియన్ భాషలో రాసిన పుస్తకం స్కోపస్‌కు దాదాపు లేనట్టే. దానికి దేశపు సొంత పరిశోధన సమాచార వ్యవస్థ ఎటిస్ చూడండి. అందులో 1.1 వర్గం సూచికలకెక్కిన వ్యాసాలు, 2.1 మోనోగ్రాఫులు. 1.1 జాబితాను డీఓఐతో (ప్రతి పత్రానికీ ఇచ్చే శాశ్వత గుర్తింపు సంకేతం) మీ పట్టికకు సరిపోల్చితే ఇంకో లాభం: చిరునామా ఖాళీగా ఉండి దేశం వడపోతలో పడని పత్రాలు బయటపడతాయి. ఓపెన్‌అలెక్స్ అనే ఉచిత డేటాబేస్ వాడేవాళ్లకు ఈ సరిపోల్చడం తప్పనిసరి, అక్కడ ఆ ఖాళీలు ఎక్కువ. డీఓఐలన్నీ ముందే చిన్న అక్షరాల్లోకి మార్చుకోండి, లేకపోతే ఉన్న పత్రమే లేనట్టు తేలుతుంది.