అప్‌డేట్: యంగ్ లైవ్స్ ఫైళ్లు కలిశాయి
అవే పిల్లల్ని ఏళ్ల తరబడి మళ్లీ మళ్లీ కలిసి వివరాలు సేకరించే యంగ్ లైవ్స్ సర్వేలో పిల్లల ఫైలు, కుటుంబం ఫైలు ఎలా కలపాలని పోయిన వారం అడిగాను కదా, పని అయింది. ఒక్కో రౌండు (అంటే ఒక్కో విడత సర్వే) విడిగా కలుపుతూ రెండు రాత్రులు పోగొట్టుకున్నాను. తీరా చూస్తే 2002 నుంచి 2016 దాకా ఐదు రౌండ్లూ కలిపి పేర్చిన ఫైలు సర్వే ఫైళ్లు భద్రపరిచి పంచే యూకే డేటా సర్వీస్‌లోనే ఉంది! దానికి నా ఫైలు జోడించేటప్పుడు చైల్డ్ ఐడీతో పాటు రౌండు నంబరూ ఇవ్వాలి. నేను ఐడీ ఒక్కటే ఇచ్చాను; ఒక్కో రౌండు వరసకూ ఐదు రౌండ్లూ అతుక్కుని, ఐదు వరసలుండాల్సిన పిల్లాడికి 25 వచ్చాయి.

ఇంకోటి. మన దగ్గర ఈ సర్వే ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 20 చోట్ల, పేద ప్రాంతాల వైపు మొగ్గి చేశారు. అందుకే ‘రాష్ట్ర సగటు’ అని రాసుకున్న పేరా మొత్తం కొట్టేశాను. ఆ మాట ముందే హెచ్చరించిన అన్నకు థాంక్స్.