పీజీ వైఫై: లీజ్ టైమ్ తగ్గించాలా, ఐపీ పూల్ పెంచాలా?

ప్రశ్న: బెంగళూరు మారతహళ్ళిలో 80 మంది ఉండే పీజీ. రౌటర్ ఒకటి, అంతస్తుకో యాక్సెస్ పాయింట్ (వైఫై సిగ్నల్ ఇచ్చే పెట్టె). డీహెచ్‌సీపీ (డివైస్‌లకు ఐపీ అడ్రస్‌లు తనంతట తానే పంచే పద్ధతి) పూల్, అంటే పంచడానికి ఉంచిన అడ్రస్‌లు, 192.168.1.100 నుంచి 199 వరకు; లీజ్, అంటే ఒక డివైస్‌కు ఆ అడ్రస్ ఉండే గడువు, 24 గంటలు. రాత్రి పదయ్యేసరికి కొత్తగా కలిసే ఫోన్లకు ఐపీ రావడం లేదు, ల్యాప్‌టాప్‌లలో 169.254తో మొదలయ్యే అడ్రస్ (ఐపీ దొరకనప్పుడు ల్యాప్‌టాప్ తనే పెట్టుకునేది) కనబడుతోంది.

పోర్ట్67: లీజ్ గంటకు దించండి. వైఫై రేంజ్ దాటిపోయే ఫోను రిలీజ్ మెసేజ్ (ఐపీ వదిలేస్తున్నానని చెప్పేది) పంపి మరీ పోదు. పొద్దున వచ్చి వెళ్ళిన చుట్టం ఫోను ఐపీ కూడా మర్నాటి దాకా బుక్ అయ్యే ఉంటుంది.

సబ్‌నెట్ మేస్త్రి: అన్నా, ముందు లెక్క చూడండి. తలా ఒక ఫోను, ఒక ల్యాప్‌టాప్ అంటే 160. పూల్‌లో ఉన్నవి 100. లీజ్ పది నిమిషాలే పెట్టినా, ఆన్‌లో ఉన్న డివైస్ సగం టైమ్ అవగానే రెన్యూ చేసేసుకుంటుంది. రాత్రి అందరూ గదుల్లో ఉంటే ఖాళీ అయ్యేదేముంది? పూల్ 20 నుంచి 250 వరకు చేయండి, 231 వస్తాయి. కెమెరాలు, ప్రింటర్ల స్టాటిక్ ఐపీలు (మనమే పెట్టే, మారని అడ్రస్‌లు) మాత్రం 20 లోపే ఉండాలి, లేదంటే ఒకే అడ్రస్ ఇద్దరికి పడుతుంది.

పోర్ట్67: 2.4 గిగాహెర్ట్జ్ బ్యాండ్‌కీ 5 గిగాహెర్ట్జ్ బ్యాండ్‌కీ వేర్వేరు వైఫై పేర్లు ఉంటే? ఆండ్రాయిడ్ 10, ఐఓఎస్ 14 నుంచి ఫోన్లు ఒక్కో పేరుకు ఒక్కో ర్యాండమ్ మ్యాక్ (రౌటర్ డివైస్‌ను గుర్తుపట్టే నంబర్) వాడుతున్నాయి. అటూ ఇటూ మారిన ఫోను రెండు ఐపీలు తింటుంది, 80 ఫోన్లకు ఇంకో 80. మీ 231 కూడా చాలదు. పాత ఐపీ త్వరగా తిరిగి రావాలంటే చిన్న లీజే మార్గం.

సబ్‌నెట్ మేస్త్రి: ఇది ఒప్పుకుంటా. కానీ మందు లీజ్ కాదు, రెండు పేర్లనూ ఒకటి చేయడం.

కేబుల్ రాజా: గంట లీజ్ పెడితే రెన్యూవల్స్‌తో రౌటర్ నలిగిపోదా?

పోర్ట్67: 160 డివైస్‌లు అరగంటకోసారి అంటే గంటకు 320 రెన్యూవల్స్, ఒక్కోదానికి రెండు చిన్న ప్యాకెట్లు. ఒక్క రీల్ చూసినంత డేటా కూడా కాదు. డీహెచ్‌సీపీ సర్వర్ వేరే మెషీన్‌లో ఉండే ఆఫీసుల్లో అయితే చిన్న లీజ్ ప్రమాదమే: అది గంట పడిపోతే అందరి ఐపీలూ పోతాయి. ఇక్కడ రౌటరే సర్వర్, అది ఆగితే నెట్ ఎలాగూ ఉండదు.

సబ్‌నెట్ మేస్త్రి: ఏదైనా మార్చేముందు రాత్రి పదింటికి రౌటర్ క్లయింట్ లిస్ట్ తెరవండి. 100 నిండితే పూల్ సమస్యే. 60 దగ్గరే ఆగితే లీజ్‌నీ పూల్‌నీ ముట్టుకోకండి, ఆ అంతస్తు యాక్సెస్ పాయింట్, దాని కేబుల్ చూడండి. ఐపీ వచ్చి నెట్ రాని ల్యాప్‌టాప్‌లో కమాండ్ ప్రాంప్ట్ తెరిచి ipconfig /all కొట్టండి. డీహెచ్‌సీపీ సర్వర్ లైన్‌లో 192.168.1.1 (పీజీ రౌటర్ అడ్రస్) కాక వేరేది ఉంటే, ఎవరో గదిలో సొంత రౌటర్ పెట్టి పీజీ కేబుల్‌ను దాని ల్యాన్ పోర్టులో గుచ్చారన్నమాట, అదీ ఐపీలు పంచేస్తోంది.