న్యూజెర్సీలో తెలుగు పిల్లలకు వేసవి ఆటల శిబిరం: విశాఖ నుంచి వెళ్లి నడపాలంటే ఏం చూసుకోవాలి?

సాగరతీరం (ఎంవీపీ కాలనీ)

అందరికీ నమస్కారం. నేను ఎంవీపీ కాలనీలోని ఒక ప్రైవేటు పాఠశాలలో తొమ్మిదేళ్లుగా వ్యాయామోపాధ్యాయినిగా పని చేస్తున్నాను. ఏటా మే నెలలో, ఎండ ముదరకముందే ముగిసేలా, ఉదయం ఆరింటి నుంచి ఎనిమిదిన్నర వరకు మా మైదానంలో పిల్లలకు శిబిరం నడుపుతుంటాను. కబడ్డీ, ఖోఖో, వాలీబాల్‌తో పాటు ఏడు పెంకులాట, తొక్కుడు బిళ్ల కూడా ఆడిస్తాను.

మా పెద్దమ్మ కూతురు న్యూజెర్సీలో ఉంటుంది. అక్కడి తెలుగు కుటుంబాలు కొన్ని కలిసి, వచ్చే జులైలో ఆరు నుంచి పన్నెండేళ్ల పిల్లలు నలభై మందికి నాలుగు వారాల పాటు పగటిపూట ఆటల శిబిరం పెట్టాలనుకుంటున్నాయి. దాన్ని నడిపే బాధ్యత నన్ను తీసుకోమంటున్నారు. విమానం టికెట్టు, వసతి, భోజనం వారే చూసుకుంటారు, కొంత పారితోషికం కూడా ఇస్తారు. సందర్శకుల వీసా మీద వచ్చేస్తే చాలునని అక్క అంటోంది గాని, నా మనసు ఒప్పడం లేదు.

ఆ పిల్లల్లో చాలామందికి తెలుగు అర్థమవుతుంది గాని మాట్లాడరు. మన ఆటలను ఒక్కసారైనా చూడనివారే ఎక్కువ. ఏ ఆటతో మొదలుపెట్టాలి, ఏ ఆటలు మానుకోవాలి, ముందుగా ఎవరిని ఏమడగాలి? అనుభవమున్నవారు దయచేసి చెప్పగలరు.

పాత పీడీ (గాజువాక)

అమ్మా, నేను పీడీగా, అంటే వ్యాయామ ఉపాధ్యాయుడిగా పదవీ విరమణ చేసినవాణ్ణి. అందులో పదకొండేళ్లు మస్కట్‌లోని ఒక భారతీయ పాఠశాలలో పని చేసి, వేసవి శిబిరాలు నడిపాను. వీసా సంగతి తెలిసినవారు చెబుతారు, నేను మైదానం గురించే చెబుతాను.

కబడ్డీలో అవుటైన పిల్లవాడు తన జట్టు మళ్లీ పాయింటు తెచ్చేదాకా గీత అవతల కూర్చోవాలి. ఆట వచ్చిన పిల్లలకు అది పట్టుదల పెంచుతుంది. ఆట కొత్తైన చోట మాత్రం ముందుగా అవుటయ్యేది చిన్నవాళ్లు, బొద్దుగా ఉన్నవాళ్లు, బెదురు తీరనివాళ్లు. అంటే ఎవరికి ఆట ఎక్కువ అవసరమో వారే ఎక్కువసేపు గట్టున కూర్చుంటారు. నాకు అది చూడబుద్ధి కాక, అవుటైనవారు కూర్చోకూడదు, అవతలి జట్టులో చేరిపోవాలి అని నియమం పెట్టాను. ఆట ముగిసేసరికి గెలిచిందెవరో తేల్చడం కష్టమవుతుంది గాని, పిల్లలందరూ చెమటలు కక్కుతూ కనిపిస్తారు. అసలు నియమాలు మూడో వారంలో నేర్పండి, అప్పటికి వారే అడుగుతారు.

ఇంకొక మాట. ఒకరి ఒంటి మీద ఒకరు చేయి వేయకూడదని బడిలో నేర్చుకున్న పిల్లలను మొదటిరోజే చీలమండ పట్టి లాగమంటే బిగుసుకుపోతారు. నడుముకు రెండు పక్కలా రిబ్బను ముక్కలు దోపించి, పట్టుకోవడానికి బదులు రిబ్బను లాగితే అవుట్ అని చెప్పండి. కూతకు వెళ్లినవారు 30 సెకన్లలో తిరిగి రావాలన్న నియమం ఉంచండి, దానితోనే ఆటకు ఊపు వస్తుంది. పురుషుల బరి 13 మీటర్ల పొడవు, 10 మీటర్ల వెడల్పు ఉంటుంది, చిన్నపిల్లలకు అందులో సగం చాలు. ఖోఖోలో ఎనిమిది మందిని కూర్చోబెట్టకుండా ఐదుగురితో, రెండేసి నిమిషాల వంతులతో ఆడించండి.

మొదటిరోజు ఉదయం మాత్రం పరుగులు వద్దు, వీరీ వీరీ గుమ్మడిపండు ఆడించండి. కళ్లు మూయించుకున్న పిల్ల ఎదుట నిలబడిన వారెవరో పేరు చెప్పాలి కదా, ఆ వంకన ఒకరి పేర్లు ఒకరికి తెలుస్తాయి, మీకూ తెలుస్తాయి. తెలుగు పలకడానికి సిగ్గుపడే పిల్లలు ఆ పిలుపును అందరితో కలిసి గట్టిగా అనేస్తారు.

కర్రాబిళ్ల మాత్రం పెట్టకండి. మస్కట్‌లో రెండో ఏడాది నేను పెట్టాను. ఒక కుర్రాడు కొట్టిన బిళ్ల, పక్కన నిలబడి చూస్తున్న అమ్మాయి కనుబొమ్మ మీద తగిలి రెండు కుట్లు పడ్డాయి. ఆడేవారిని ఎక్కడ నిలబెట్టాలో చూసుకున్నాను గాని, చూసేవారి సంగతి ఆలోచించలేదు. తప్పు పూర్తిగా నాదే, ఆ పిల్ల మొహం ఇప్పటికీ గుర్తుకొస్తూనే ఉంటుంది.

ప్రయాణికుడు (సీతమ్మధార)

సందర్శకుల వీసా మీద వెళ్లి పారితోషికం తీసుకుంటూ శిబిరం నడపకండి. అది అనుమతి లేని పని కిందకు వస్తుంది, తరువాత ఎప్పుడు వీసా అడిగినా అడ్డుపడుతుంది. డబ్బు ఇక్కడి మీ ఖాతాలో వేస్తామన్నా విషయం మారదు, పని చేసేది అక్కడే గనుక.

శిబిరాల్లో పిల్లలను చూసుకునేవారి కోసం అమెరికా జే-1 అనే మార్పిడి సందర్శకుల వీసాలో ప్రత్యేకంగా క్యాంప్ కౌన్సెలర్ అనే విభాగం ఉంది. 18 ఏళ్లు నిండిన విద్యార్థులు, ఉపాధ్యాయులు, ప్రత్యేక నైపుణ్యం ఉన్నవారు అందులో వెళ్లవచ్చు, గరిష్ఠంగా నాలుగు నెలలు ఉండవచ్చు. అయితే మీ అక్కగారు రాసే ఆహ్వాన లేఖ సరిపోదు. ఆ దేశ విదేశాంగ శాఖ గుర్తింపు పొందిన స్పాన్సరు సంస్థ డీఎస్-2019 అనే అర్హత పత్రం ఇవ్వాలి, ఆ సంస్థకు శిబిరం నమ్మదగినదిగా తోచాలి. పత్రం చేతికి వచ్చాక ఇంటర్వ్యూ హైదరాబాద్ నానక్‌రామ్‌గూడలోని కాన్సులేట్‌లో ఉంటుంది. వేలిముద్రలకు వేరే రోజు ఇస్తారు గనుక గోదావరి ఎక్స్‌ప్రెస్‌కు తిరుగు టికెట్టు తొందరపడి తీసుకోవద్దు.

నాలుగు కుటుంబాలు కొత్తగా పెట్టే శిబిరానికి స్పాన్సరు దొరకడం తేలిక కాదు. ఇప్పటికే నడుస్తున్న ఏదైనా శిబిరంలో మన ఆటలను ఒక భాగంగా చేర్చగలరేమో మీ అక్కగారిని కనుక్కోమనండి.

ఇద్దరి తల్లి (మధురవాడ)

మేము ఏడేళ్లు న్యూజెర్సీలో ఉండి, కిందటి ఏడాదే విశాఖకు తిరిగి వచ్చాము. అక్కడ పిల్లల వేసవి శిబిరాలకు రాష్ట్ర ఆరోగ్య శాఖ ధ్రువపత్రం ఉండాలన్న చట్టం ఉంది, నిర్వాహకులు దాని సంగతి ముందుగా చూసుకోవాలి. మీరొక్కరే నలభై మందిని చూడడం కూడా కుదరదు. అమెరికన్ క్యాంప్ అసోసియేషన్ ప్రమాణాల ప్రకారం పగటి శిబిరాల్లో ఆరు నుంచి ఎనిమిదేళ్ల పిల్లలైతే ఎనిమిది మందికి ఒకరు, తొమ్మిది నుంచి పద్నాలుగేళ్లవారైతే పదిమందికి ఒకరు ఉండాలి. అంటే మీతో కలిపి కనీసం ఐదుగురు కావాలి.

దయచేసి గెలిచిన పిల్లలకు ఇద్దామని ఇక్కడి నుంచి పల్లీ చిక్కీలు, వేరుశెనగ ఉండలు పట్టుకెళ్లకండి. మా పెద్దవాడి తరగతిలో ఒక బాబుకు వేరుశెనగ పడదు. ఒకసారి పుట్టినరోజు వేడుకలో ఎవరో ఇచ్చిన మిఠాయి కొరికిన కొద్ది నిమిషాలకే పెదవులు ఉబ్బి, ఊపిరి అందక, వాళ్ల అమ్మ బాబు తొడకు ఎపీపెన్ సూది వేసింది. నేను ఆ పక్కనే నిలబడి ఉన్నాను. ఏ పిల్లకు ఏది పడదో, సూది ఎవరి సంచిలో ఉందో శిబిరం తలుపులు తీయకముందే రాసి పెట్టుకోండి.

మనలా చెప్పులు లేకుండా ఆడించవద్దు, అక్కడి గడ్డిలో లైమ్ జ్వరం తెచ్చే పిడుదులు ఉంటాయి. ఉరుము వినబడితే ఆట ఎంత రసపట్టులో ఉన్నా అందరినీ లోపలికి తీసుకువెళ్లి, చివరి ఉరుము తరువాత అరగంట దాకా బయటికి పంపకండి. జులైలో అక్కడ సాయంత్రపు ఉరుముల వానలు మామూలే.

సాగరతీరం (ఎంవీపీ కాలనీ)

మాస్టారికి, మిగతా ఇద్దరికీ హృదయపూర్వక ధన్యవాదాలు. నిన్న రాత్రి అక్కతో మాట్లాడాను. సందర్శకుల వీసా మాట ఇక ఎత్తనని చెప్పింది, తన ఊళ్లోని ఒక పాత శిబిరం నిర్వాహకులను ఈ వారమే కలుస్తానంది. ఈ ఏడాదికి అది కుదరకపోతే, అక్కడే ఉన్న నలుగురు కాలేజీ పిల్లలకు నేను ఇక్కడి నుంచే నేర్పుతాను. మనకు ఉదయం ఆరున్నర అయితే వారికి ముందురోజు రాత్రి తొమ్మిది గంటలు, సరిగ్గా మా మే శిబిరం నడిచే సమయం. మా పిల్లలు మైదానంలో ఆడుతుంటే ఫోనులో వారికి చూపిస్తూ ఒక్కొక్క ఆట చెప్పవచ్చు.

మాస్టారూ, ఒక సందేహం. రిబ్బను కబడ్డీని రేపే మా ఆరో తరగతి పిల్లలతో ఆడించి చూద్దామనుకుంటున్నాను. కూతకు వచ్చినవారి రిబ్బన్లు రెండూ లాగాలా, ఒక్కటి లాగితే అవుటేనా?

పాత పీడీ (గాజువాక)

ఒక్కటి చాలమ్మా. రెండూ లాగాలంటే పిల్లలు మీదపడి గుంపుగా దొర్లుతారు. రిబ్బను ముడి వేయకుండా, లాగితే ఊడివచ్చేలా దోపండి. రేపు ఆట ఎలా సాగిందో ఇక్కడే రాయండి, ఎదురుచూస్తుంటాను.